వెడల్పు కోసేసి పంపిన వెర్మీర్ ప్రింటు గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మీ దగ్గర ఆర్డరిచ్చిన, డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన ‘గర్ల్ విత్ ఎ పెర్ల్ ఇయర్‌రింగ్’ ప్రింటు ఫ్రేముతో సహా అందింది. గోడకు పెట్టుకునేలా లేదు.

నెదర్లాండ్స్‌లో హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉన్న అసలు చిత్రం ఎత్తు 44.5 సెం.మీ., వెడల్పు 39. అదే సైజు కావాలని ఆర్డరులో రాశాం. మీరు పంపినదాని ఎత్తు సరిగ్గానే ఉంది, వెడల్పు మాత్రం 33.4. రెడీమేడ్ 4:3 ఫ్రేములో పట్టించడానికి 5.6 సెం.మీ. కోసేశారన్నమాట, అదీ మొత్తం ఎడమ పక్కనుంచే. ఈ చిత్రంలో వెలుగు వచ్చేది ఆ పక్కనుంచి, ముఖం తిరిగి ఉండేదీ అటే. ముందున్న చీకటి జాగా పోయేసరికి అమ్మాయి ఫ్రేములో ఇరుక్కుపోయినట్టుంది. పై ఎడమ మూలన ఉండే వెర్మీర్ సంతకం కూడా కోతలో పోయింది!

రంగుల సంగతి ఇంకా అన్యాయం. అమ్మాయి చెవిపోగు ముత్యంలో రెండు వెలుగులుండాలి: పైన చిక్కటి తెల్ల చుక్క, కింద తెల్ల కాలరు నుంచి పడే మసక కాంతి. ఆ రెండోది మీ ప్రింటులో లేదు, ముత్యం సున్నపు బొట్టులా ఉంది. జాకెట్టు వీపు నీడ వెనక నలుపులో కలిసిపోయింది. కాగితానికి తగిన కలర్ ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు సరిగ్గా పడేలా చేసే సెట్టింగు) పెట్టకుండా ప్రింటు తీస్తే ముదురు రంగులన్నీ ఇలాగే ఒక్క ముద్దవుతాయి.

ఇక అద్దం. మామూలు గాజును మౌంటు (ప్రింటుకూ గాజుకూ మధ్య ఎడం ఉంచే అట్ట) లేకుండా నేరుగా ప్రింటుకు ఆనించారు. వానాకాలం చెమ్మకు కాగితం గాజుకు అతుక్కుంటే ఊడదీయడం కుదరదు. పైగా ఇంత చీకటి బొమ్మ మీద మెరిసే గాజు వేస్తే కిటికీ ఎదుట అది ముఖం చూసుకునే అద్దమే.

కాబట్టి కోత లేకుండా, 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో (కనీసం 4606 × 5256 పిక్సెళ్ల ఫైలు), పిగ్మెంట్ ఇంకుతో మ్యాట్ కాటన్ కాగితం మీద మళ్లీ ప్రింటు తీయండి. యాసిడ్ లేని మౌంటు, మెరవని యాక్రిలిక్ వేయండి. ఫ్రేము మేమడిగిన సన్నటి నల్లదే, బంగారు పూలది కాదు. వెనక ఒక్క రంపపు పళ్ల కొక్కెం సరిపోదు. పైనుంచి మూడోవంతు దిగువన అటూ ఇటూ తీగ కట్టి వేలాడదీయడానికి రెండు డి-రింగులు (D ఆకారపు లోహపు రింగులు) బిగించండి. ఫైనల్ ప్రింటుకు ముందు ముత్యం, ఎడమ పై మూల కనిపించే టెస్ట్ స్ట్రిప్ (చిన్న నమూనా ప్రింటు ముక్క) పంపండి.

కొలతల ఫొటోలు, బిల్లు, అన్‌బాక్సింగ్ వీడియో జత చేశాం. పాత ఫ్రేమును మీ కొరియర్ ఖర్చుతోనే వెనక్కి తీసుకెళ్లాలి. 15 రోజుల్లో మార్చి ఇవ్వడమో, డబ్బు పూర్తిగా తిరిగివ్వడమో జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు చేస్తాం.

ఇట్లు,
మీ వినియోగదారులు