మిషనరీని పంపిన సంఘం చివరిదాకా వెన్నంటి ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

క్రిస్మస్, ఈస్టర్ పండుగలప్పుడు మన జిల్లా పేజీల్లో చర్చిల దీపాలంకరణలు, కేకు కోసే కార్యక్రమాలు, ప్రజాప్రతినిధుల శుభాకాంక్షలు ఫొటోలతో సహా వస్తుంటాయి. అందుకు మాకు సంతోషమే. అయితే అవే చర్చిల్లో ఏడాది పొడవునా సాగే ఒక పని గురించి బయటివారికి తెలిసింది తక్కువ, లోపలివారు మాట్లాడుకునేది అంతకన్నా తక్కువ. చర్చి విశ్వాసుల సంఘం తన తరఫున దూరప్రాంతాలకు పంపిన మిషనరీలను పోషించడమే ఆ పని. "వాళ్లకేం, డబ్బంతా అమెరికా నుంచి వస్తుంది" అన్న మాట టీకొట్ల దగ్గరా ఆఫీసుల్లోనూ ఇప్పటికీ వినబడుతూనే ఉంది. దేవరకొండ ప్రాంతంలో ఒక సంఘానికి లెక్కలు చూసేవాడిగా ఆ మాటకు జవాబు చెప్పవలసి ఉన్నది. దాంతోపాటు మా సంఘాలవారికే సూటిగా చెప్పవలసిన సంగతి కూడా ఒకటి ఉన్నందున ఈ లేఖ రాస్తున్నాను.

మా సంఘంలో ఎక్కువమంది కూలిపని చేసుకొని బతికే కుటుంబాలవారు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఆ ఇంటి ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి విడిగా ఒక డబ్బాలో వేస్తుంది. శనివారం సాయంత్రం స్త్రీల సమాజంవారు ఇల్లిల్లూ తిరిగి ఆ డబ్బాల్లోని బియ్యాన్ని ఒక సంచిలో పోసుకొని వస్తారు. సన్నవి, దొడ్డువి, కొత్తవి, పాతవి అన్నీ కలిసిపోయిన ఆ బియ్యాన్ని తూకం వేసి, ఆదివారం ఆరాధన ముగిశాక సంఘంలోనే వేలం పెడతారు. పాడుకునేది కూడా సంఘంవారే, తరచుగా బజారు ధరకంటే ఎక్కువకే. కోత పండుగనాడు వేదిక ముందు సొరకాయలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, కందులు, ఆ ఏడు తొలిసారి ఏరిన పత్తి పెడతారు. ఒకరు పాడుకున్న సొరకాయను మళ్లీ కానుకగా ఇచ్చివేస్తే ఇంకొకరు పాడుకుంటారు. అలా ఒక్క కాయే నలుగురి చేతులు మారి, చివరికి దాని ధర చూసి పిల్లలు కేరింతలు కొడతారు. పత్తి ఏరే రోజుల్లో కూలి డబ్బు చేతికి రాగానే దశమభాగం, అంటే పదో వంతు, కవరులో పెట్టి తెచ్చే వృద్ధురాళ్లు మా మధ్య ఉన్నారు. మా మిషనరీల పోషణకు వచ్చే సొమ్ములో పెద్ద వాటా ఇదే. మిజోరంలోని ప్రెస్బిటేరియన్ సంఘాలు ఈ పిడికెడు బియ్యం పద్ధతిని 1910 నుంచి విడవకుండా పాటిస్తూ, దాని బలంతో దేశంలోని అనేక ప్రాంతాలకు మిషనరీలను పంపుతున్నాయి. పేదలు పుచ్చుకునేవారే గాని ఇచ్చేవారు కారని అనుకునేవారు ఒక్కసారి మా ఆదివారపు వేలానికి వచ్చి చూడాలని కోరుతున్నాను.

విదేశీ సొమ్ము ఒకనాడు ఈ నేలకు వచ్చిన మాట నిజమే, దాన్ని దాచవలసిన పనేమీ లేదు. కాని అది ఎవరి సొమ్మో కూడా తెలుసుకోవాలి. 1889లో రష్యా నుంచి బయలుదేరి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి నల్లగొండలో పని ప్రారంభించారు. వారిని పోషించినవారు అప్పటి రష్యా దక్షిణాన, నేటి ఉక్రెయిన్‌లో ఉన్న మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ సంఘాలవారు, అంటే పొలం దున్నుకునే పల్లెటూరి రైతులు. తరువాత అమెరికాలోని అదే శాఖ సంఘాలు నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి ప్రాంతాలకు మిషనరీలను పంపాయి. 1937లో బాప్టిస్టుల నుంచి మహబూబ్‌నగర్ బాధ్యతను కూడా తీసుకున్నాయి. వారికి అండగా నిలిచినవారు కూడా ఎక్కువగా గోధుమ పండించే రైతు కుటుంబాలవారే. ఆ సంఘాల స్త్రీలు కలిసి కూర్చొని బట్టలు కుట్టి, అమ్మి, వచ్చిన సొమ్మును మిషన్‌కు జమ చేసేవారు. జడ్చర్లలో వైద్యశాల నిలబడిందంటే ఆ చేతుల పుణ్యమే. ఇక రష్యా సంఘాల సంగతి వేరుగా ముగిసింది. 1914లో యుద్ధం, 1917లో విప్లవం వచ్చి, వారి సహాయం నల్లగొండకు చేరే దారి తెగిపోయింది. పంపినవారు మనసు మార్చుకోలేదు, వారి చేతులే కట్టుబడిపోయాయి. ఒకే ఊటమీద ఆధారపడిన పని ఎంత హఠాత్తుగా ఎండిపోగలదో చెప్పడానికి మన జిల్లా చరిత్రకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

మన తెలుగు సంఘాలు కూడా కేవలం పుచ్చుకొని ఊరుకోలేదు. నాటాల్‌లోని చెరకు, తేయాకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి కోసం, నెల్లూరు కేంద్రంగా పనిచేసిన తెలుగు బాప్టిస్టుల సంఘం 1903లో జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాకు పంపింది. అదే 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు స్వదేశీ కానుకలతోనే నడిచే మిషనరీ సంఘాన్ని స్థాపించి నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతానికి సేవకులను పంపారు. ఆ ప్రయత్నం వెనుక ఉన్న వి.ఎస్.అజరయ్యగారే 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. విమానాలు లేని రోజుల్లో, జీతం రాళ్లు అణాల్లో లెక్కించుకునే సంఘాలు సముద్రం దాటి మనిషిని పంపగలిగినప్పుడు, ప్రతి ఇంట్లో సెల్‌ఫోన్ ఉన్న నేటి సంఘాలకు శక్తి లేదనడాన్ని నేను ఒప్పుకోలేను.

శక్తి ఉన్నది, కొరవడింది నిలకడ. మా సంఘాలవారికి నేను చెప్పదలచుకున్నది ఇదే. మిషనరీని పంపే రోజున హస్తనిక్షేపణ (తలమీద చేతులుంచి ప్రార్థించడం), దండలు, ప్రేమవిందు అన్నీ ఘనంగా జరుగుతాయి. మొదటి ఏడాది నెలనెలా డబ్బు వెళుతుంది. తరువాత పాస్టరుగారు మారడమో, కమిటీలో తగాదా రావడమో, కొత్త భవనం పని మొదలుకావడమో జరుగుతుంది, మొట్టమొదట కోతపడేది మిషనరీ పద్దుకే. ఎదురుగా కనబడే పాస్టరుకు జీతం ఆగితే అందరికీ తెలుస్తుంది. ఎక్కడో కొండల్లో ఉన్న మనిషికి ఆగితే ఎవరికీ తెలియదు, అతడు నోరు తెరిచి అడగడు. నాకు తెలిసిన ఒక సంఘం ఫ్లెక్సీ మీద ఎక్కువ ఫొటోలు కనబడాలని చాలామందికి తలా కొంచెం పంపుతూ వచ్చింది. ఆ వచ్చే కొంచెంతో ఎవరికీ ఇంటి అద్దె కూడా గడవలేదు. పదిమందికి కాస్త కాస్త పంచడంకన్నా ఒకే జంట పోషణను పూర్తిగా నెత్తిన వేసుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం.

మా సంఘం పంపిన ఒక యువ దంపతులు ఒడిశాలో కొండ ప్రాంతంలో ఉన్నారు. మొదటి రెండేళ్లు వారు చేసిందల్లా అక్కడి కువి భాష నేర్చుకోవడమే. ఆ కాలంలో వారి ఉత్తరాల్లో బాప్తిస్మాల సంఖ్యలు లేకపోవడం చూసి మా కమిటీలో కొందరు గొణిగారు. ఆ తరువాత వచ్చిన ఒక ఉత్తరాన్ని మా కార్యదర్శి ఆరాధనలో చదివి వినిపించారు. అందులో ఆ సోదరుడు రాసింది ఇంత: భార్యకు మలేరియా తిరగబెట్టింది, ఆసుపత్రి దూరం, వర్షానికి దారి తెగింది, పక్కింటి అవ్వ రాత్రంతా కూర్చొని తడిగుడ్డ వేసింది, ఆమెతో మాట్లాడటానికి ఇప్పుడు మాటలు తడుముకోనక్కర్లేదు. ఆ ఉత్తరం విన్నాక గొణుగుడు ఆగింది, ఆరోగ్య బీమా సంగతి ఆ ఆదివారమే చర్చకు వచ్చింది. వేతనమొక్కటే పోషణ కాదని మాకు అప్పుడు స్పష్టంగా అర్థమైంది. బీమా, పిల్లల చదువు, ఏడాదికొకసారి ఇంటికి వచ్చి విశ్రాంతి తీసుకోవడానికి సెలవు, వచ్చినప్పుడు తలదాచుకోవడానికి ఒక గది, చట్టం తెలిసిన ఒక సలహాదారు, ఇవన్నీ అందులో భాగమే. ఒడిశాలో 1967లో చేసిన మతస్వేచ్ఛ చట్టం ఉన్నది కాబట్టి అక్కడ పనిచేసేవారికి ఆ చట్టం ఏమి చెబుతుందో ముందుగా నేర్పి పంపడం పంపినవారి బాధ్యత. ఎవరికైనా మందో, బియ్యమో ఇచ్చేటప్పుడు దానికి విశ్వాసపు షరతు పెట్టకూడదన్నది చట్టం కోసం మాత్రమే కాదు, సువార్త గౌరవం కోసం కూడా మేము పెట్టుకున్న నియమం.

అంతియొకయ సంఘం బర్నబాను, సౌలును (తరువాత పౌలుగా పేరుపొందినవాడు) చేతులుంచి పంపిందని, వారు తిరిగివచ్చి సంఘాన్ని సమకూర్చి జరిగినదంతా వివరించారని అపొస్తలుల కార్యములలో చదువుతాం. ఫిలిప్పీ సంఘం పౌలు థెస్సలొనీకలో ఉన్నప్పుడు ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ సహాయం పంపింది. అతడు చెరలో ఉన్నప్పుడు డబ్బుతో సరిపెట్టుకోక ఎపఫ్రొదితు అనే మనిషినే పంపింది. మా సంఘాల్లో ఎవరైనా తాము పోషిస్తున్న మిషనరీ ఉండే ఊరికి వెళ్లి, అతని ఇంట్లో నాలుగు రోజులుండి వచ్చారా అని అడిగితే జవాబు చెప్పేవారు అరుదు. రైలు ఛార్జీ పెట్టుకొని పెద్దలు ఇద్దరు వెళ్లివస్తే, పది ఉపవాస ప్రార్థనల్లో తెలియనిది వారికి ఆ నాలుగు రోజుల్లో తెలుస్తుంది.

"ఇంట గెలిచి రచ్చ గెలవాలి" కదా, మన దగ్గరే ఇంత పని ఉండగా ఒడిశాకు, విదేశాలకు ఎందుకని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. నల్లమలలో అమ్రాబాద్, మన్ననూరు చుట్టుపక్కల చెంచు పెంటల్లో (గూడేల్లో) పనిచేసే సువార్తికులకు, దేవరకొండ తండాల్లో పిల్లలకు చదువు చెప్పే సేవకులకు మా సంఘాలు తప్పక అండగా నిలవాలి, కొన్ని నిలుస్తున్నాయి కూడా. కాని నేను చూసినంతవరకు, దూరానికి పంపే సంఘమే దగ్గరి పనిని కూడా పట్టించుకుంటుంది. దూరానికి పంపవద్దని వాదించే సంఘం దగ్గరికి కూడా పంపడం లేదు.

విదేశాల్లోని సేవకు తోడ్పడటంలో చట్టపరమైన చిక్కులు ఉన్నాయి, వాటిని చదువుకున్న సభ్యులు మిగతావారికి వివరించాలి. రిజర్వు బ్యాంకు సరళీకృత పద్ధతి కింద ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపుకొనే వీలు వ్యక్తులకే ఉన్నది, సంఘాలకు, ట్రస్టులకు లేదు. అందుచేత కువైట్‌లోనో మస్కట్‌లోనో తెలుగు కార్మికుల మధ్య సేవ చేసే వ్యక్తికి అక్కడి సంఘమే జీవనాధారం చూసుకోవడం, పంపిన సంఘం ఇక్కడి భారాన్ని మోయడం సరైన ఏర్పాటు. ఇక్కడి భారమంటే అతని తల్లిదండ్రుల మందులు, పిల్లల హాస్టలు ఫీజు, ఊళ్లోని ఇంటి మరమ్మతు. పాలమూరు కూలీ ఒకప్పుడు ఆనకట్టలు కట్టడానికి దేశమంతా తిరిగాడు, నేడు అతని మనవలు ఎడారి దేశాల్లో ఉన్నారు. కువైట్‌లో శుక్రవారం సెలవుదినాన ఒకే ప్రాంగణంలో వేర్వేరు భాషల సంఘాలు వంతులవారీగా ఆరాధిస్తాయి. యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకున్నాడని ఏడ్చే పిల్లకు ఆ పూట తెలుగులో ఓదార్పు చెప్పే మనిషి దొరకడం చిన్న సంగతి కాదు. అటునుంచి ఇటు వచ్చే డబ్బు విషయంలోనైతే 2020లో సవరించిన విదేశీ విరాళాల చట్టం ప్రకారం, ఒక సంస్థ తాను పొందిన విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయరాదు, పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. పెద్ద సంస్థల ద్వారా వచ్చే చిన్న మొత్తాలమీద ఆధారపడిన అనేక పల్లె సేవలు దీనితో ఇరుకున పడ్డాయి. ఆ లోటు పూడ్చవలసింది స్థానిక సంఘాలే.

ఇంత అడిగేటప్పుడు లెక్క చూపించాలి. యెరూషలేము పేదలకు కానుక తీసుకెళ్లేటప్పుడు ఎవరూ తనమీద నింద మోపకూడదని పౌలు సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంటబెట్టుకొని వెళ్లాడు. పౌలుకే అంత జాగ్రత్త అవసరమైనప్పుడు మన కోశాధికారులకు అక్కర్లేదా? మిషనరీ నిధికి వేరే బ్యాంకు ఖాతా ఉండాలి, ఇద్దరి సంతకం ఉండాలి, ఎంత వచ్చింది, ఎవరికి ఎంత వెళ్లింది అనేది నెలకొకసారి చర్చి నోటీసు బోర్డు మీద అంటించాలి. మేము అలా అంటించడం మొదలుపెట్టాక కానుకలు తగ్గలేదు, పెరిగాయి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించే విషయం మరొకటి. జీవితమంతా అడవుల్లో, పరాయి భాషల మధ్య గడిపి అరవై దాటి తిరిగివచ్చే మిషనరీకి ఇల్లు ఉండదు, పింఛను ఉండదు, ఊళ్లో పరిచయాలు కూడా చెదిరిపోయి ఉంటాయి. పంపినవారిలో సగం మంది అప్పటికి కన్నుమూసి ఉంటారు; కొత్త కమిటీకి అతడు అపరిచితుడు. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు, వనపర్తి జిల్లాల్లోని అన్ని శాఖల సంఘాలు, బాప్టిస్టు, మెన్నోనైట్ బ్రదరెన్, దక్షిణ ఇండియా సంఘం, కథోలిక, స్వతంత్ర సంఘాలు కూడా, కోత పండుగ వేలంలో వచ్చే సొమ్ములో ఒక భాగాన్ని వృద్ధ మిషనరీల నిధిగా విడిగా పెట్టాలని కోరుతున్నాను. ఈ ఏటి కోత పండుగకు మా సంఘం దీన్ని ప్రారంభిస్తున్నది. ఈ సంవత్సరం క్రిస్మస్ వార్తల కోసం మీ విలేకరులు చర్చిలకు వెళ్లినప్పుడు దీపాల ఫొటోతోపాటు ఆ నోటీసు బోర్డును కూడా చూడమని, అక్కడ మిషనరీ పద్దు అంటించి ఉందో లేదో సంఘ పెద్దలను అడగమని మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక సంఘ కోశాధికారి,
దేవరకొండ, నల్లగొండ జిల్లా