ట్రైబ్యునల్ తీర్పు తెస్తేనే బీమా క్లెయిమ్ చూస్తామనడంపై ఫిర్యాదు

గ్రీవెన్స్ అధికారి గారికి,
ఈ-టికెట్ ప్రయాణ బీమా క్లెయిమ్‌ల విభాగం.

విషయం: రైలు ప్రమాదాల్లో గాయపడినవారి క్లెయిమ్‌లను రైల్వే పరిహారంతో ముడిపెట్టి ఆపడం గురించి.

అయ్యా,

ఐఆర్‌సీటీసీలో టికెట్‌తో పాటు 45 పైసలు కట్టి మీ బీమా తీసుకున్నవారు గాయపడి దరఖాస్తు పెట్టుకుంటే, మీ ఆఫీసు నుంచి వచ్చే జవాబు ఒక్కటే: "ముందు రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్ ఆర్డర్ తీసుకురండి. అక్కడ వచ్చింది పోను మిగతాది చూస్తాం." ఆ ట్రైబ్యునల్ తేల్చేది రైల్వే ఇవ్వాల్సిన పరిహారాన్ని, మీ బీమాను కాదు. ఈ మాట మీ పాలసీ షరతుల్లో లేదు. చట్టంలోనూ లేదు.

1989 రైల్వే చట్టం 128వ సెక్షన్‌ను మీ వాళ్లు సగమే చదివినట్టున్నారు. ఒకే ప్రమాదానికి రెండుసార్లు పరిహారం అడగకూడదని మొదటి ఉపసెక్షన్‌లో ఉన్న మాట నిజమే. కానీ బీమా పాలసీ కింద రావలసిన సొమ్ముకు అది అడ్డు కాదని రెండో ఉపసెక్షన్ విడమరిచి చెబుతోంది. కాబట్టి బాధితుడు ట్రైబ్యునల్‌కూ వెళ్లవచ్చు, మీ దగ్గరకూ రావచ్చు. ప్రమాదం జరగగానే రైల్వే ఇచ్చే ఎక్స్‌గ్రేషియా (తక్షణ సాయం) కూడా ఈ రెండింటికీ సంబంధం లేనిదే. దాన్ని మినహాయించుకునే హక్కు మీకు లేదు.

గడువుల లెక్క చూస్తే మీ షరతు ఎంత అన్యాయమో తెలుస్తుంది. ఘటన జరిగిన నాలుగు నెలల్లోపు క్లెయిమ్ పెట్టాలన్నది మీ పాలసీ నిబంధనే. ట్రైబ్యునల్‌లో దరఖాస్తు వేయడానికే చట్టం ఏడాది గడువు ఇచ్చింది. ఇక తీర్పు నాలుగు నెలల్లో ఎక్కడి నుంచి వస్తుంది? మీ మాట నమ్మి ఆగినవాడికి చివరికి "ఆలస్యమైంది" అని మీరే తిరస్కరణ లేఖ పంపుతారు.

డబ్బు లెక్కలోనూ రైల్వే పరిహారం, మీ బీమా రెండూ వేరు. 2017 నుంచి అమల్లో ఉన్న రైల్వే పట్టిక ప్రకారం మరణానికి 8 లక్షలు, ఒక కాలి తొడ ఎముక విరిగితే 80,000 రూపాయలు. రాడ్డు వేసి ఆపరేషన్ చేస్తే ప్రైవేటు ఆసుపత్రి బిల్లు ఆ 80 వేల దగ్గర ఆగదు. మీ పాలసీలో ఆసుపత్రి ఖర్చులకు 2 లక్షల వరకు పెట్టింది అందుకే కదా! శాశ్వత పాక్షిక వైకల్యానికి ఇచ్చే 7.5 లక్షల వరకు మొత్తానికి ఇది అదనం. రైల్వే పరిహారాన్నీ బీమానూ కలిపి ఒకదాంతో సరిపెట్టడం కుదరదు.

నామినీ వివరాలు నింపలేదన్న కారణంతో గాయపడినవారి ఫైళ్లను వెనక్కి పంపడం మరో వింత. మనిషి బతికే ఉన్నాడు, సొమ్ము అతనికే చెందాలి, నామినీతో పనేమిటి? మరణించిన కేసుల్లో కూడా నామినీ లేకపోతే చట్టబద్ధ వారసులకు ఇవ్వాలని మీ షరతుల్లోనే ఉంది.

ఎక్కుతూనో దిగుతూనో జారిపడినవారిని "సొంత నిర్లక్ష్యం" అని తోసిపుచ్చడం కూడా ఆపండి. ప్రమాదం, అవాంఛనీయ ఘటన అనే మాటలకు మీ పాలసీ రైల్వే చట్టం 123, 124, 124ఎ సెక్షన్ల నిర్వచనాన్నే తీసుకుంది. అలా పడిపోవడం అవాంఛనీయ ఘటనేననీ, నిర్లక్ష్యం ఉన్నంత మాత్రాన అది కావాలని చేసుకున్న గాయం కాదనీ సుప్రీంకోర్టు 2018లో రీనా దేవి కేసులో తేల్చింది. ఆత్మహత్యాయత్నం, మత్తు, నేరం వంటి మినహాయింపులు వేరే ఉన్నాయి. అవి ఉన్నాయనుకుంటే ఆధారం చూపించి తిరస్కరించండి.

జనరల్ టికెట్‌వారికి మీ పాలసీ వర్తించదన్నది మాకూ తెలుసు. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఢీకొన్నవి రెండూ జనరల్ టికెట్లతో ఎక్కే ప్యాసింజర్ రైళ్లే. అలాంటివారు ఫోన్ చేస్తే "మాకు సంబంధం లేదు" అని పెట్టేయకుండా, ట్రైబ్యునల్‌కు వెళ్లమని ఒక్క ముక్క చెప్పించండి. తాము ఉండే ఊరు ఏ బెంచ్ పరిధిలో ఉంటే అక్కడే దరఖాస్తు వేసుకోవచ్చు. టికెట్ పోయినా అఫిడవిట్‌తో మొదలుపెట్టవచ్చు, ఆపైన రుజువు భారం రైల్వేదే.

మేం అడిగేది ఇదీ: క్లెయిమ్ ఫారం, పీఎన్‌ఆర్, ప్రమాదాన్ని ధ్రువీకరిస్తూ రైల్వే అధికారులు ఇచ్చిన నివేదిక, డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు, వైకల్యం ఉంటే దాని సర్టిఫికెట్, బ్యాంకు వివరాలు అందిన ఫైళ్లను ట్రైబ్యునల్ ఆర్డర్ అడగకుండా తేల్చండి. ఆ ఆర్డర్ లేదని ఇప్పటికే మూసేసినవాటిని తిరిగి తెరవండి. తిరస్కరిస్తే ఏ షరతు కింద తిరస్కరించారో నంబరుతో సహా రాతపూర్వకంగా ఇవ్వండి.

నెలలోపు జవాబు రాకపోతే ఒక్కో బాధితుడి చేత, బీమా ఫిర్యాదులు విచారించే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు విడివిడిగా ఫిర్యాదులు వేయిస్తాం. బీమా నియంత్రణ సంస్థ నడిపే బీమా భరోసా ఫిర్యాదుల పోర్టల్‌లో కూడా బాధితుల పేరుతోనే నమోదు చేయిస్తున్నాం.

ఇట్లు,
రైలు ప్రమాద బాధితుల క్లెయిమ్‌లు చూస్తున్న న్యాయ సహాయకులు

జతపరిచినవి: మీరు పంపిన తిరస్కరణ లేఖల నకళ్లు, పాలసీ షరతుల ప్రతి, 128వ సెక్షన్ పాఠం.