ఆ ఎనిమిది రూపాయల లెక్క

సంపాదకులకు నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న పురపాలక సంఘంలో బిల్ కలెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్ల పాటు ఇంటి పన్ను కోసం గడప గడపా తిరిగాను. ఫిబ్రవరిలో డిమాండ్ నోటీసులు పంచడం, మార్చి నెలాఖరులో నల్లా కనెక్షన్ తీసేస్తామని బెదిరించడం, ఏప్రిల్‌లో మళ్లీ అదే ఇంటికి వెళ్లి మంచినీళ్లడిగి తాగడం, ఇదే నా ఉద్యోగం. కుక్కలు తరిమాయి, మనుషులు తిట్టారు. రసీదు చింపి చేతిలో పెట్టకుండా మాత్రం ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోలేదు. అందుకే కాబోలు, శాసనసభలో పన్నుల మీద ప్రశ్న వచ్చిందంటే ఇంట్లో వాళ్లు సీరియల్ పెట్టమన్నా వినకుండా టీవీ ముందు కూర్చుంటాను. ఇంటి పన్నుతో పాటు నూటికి ఎనిమిది చొప్పున వసూలయ్యే గ్రంథాలయ పన్ను ఎటు పోతోందని అక్కడ ఎవరైనా అడుగుతారేమోనని నా ఆశ.

కూర్చున్నందుకు దక్కుతున్నది ఏమిటో చెబుతాను. ప్రతిపక్ష సభ్యుడు లేచి ఫలానా పన్ను ఎంత వసూలైంది, ఎక్కడ ఖర్చయింది అని అడుగుతాడు. మంత్రి లేచి, మీ పదేళ్లలో మీరేం చేశారని ఎదురడుగుతారు. అవతలివారు అరుస్తారు, ఇవతలివారు బల్లలు చరుస్తారు. స్పీకరు తరువాతి ప్రశ్నకు వెళతారు. నేను పెన్ను పట్టుకుని కాగితం మీద అంకె రాసుకుందామని కూర్చుంటే కాగితం తెల్లగానే ఉంటుంది.

ఇది ఇప్పటి ప్రభుత్వంతో మొదలైన జబ్బు కాదు. నిన్న మంత్రులుగా ఉన్నవారు కూడా ఇదే పాట పాడారు, అప్పుడు వారు వెనక్కి తిరిగి చూపించింది ఉమ్మడి రాష్ట్రాన్ని. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్న సామెత మన శాసనసభ కోసమే పుట్టినట్టుంది. 2023 డిసెంబరులో ప్రభుత్వం ఆర్థిక స్థితి మీద శ్వేతపత్రం పెట్టి అప్పు 6,71,757 కోట్లని చెప్పింది. నాలుగు రోజుల్లో ప్రతిపక్షం స్వేదపత్రం తెచ్చి ఆ లెక్క తప్పంది. ఒత్తు మార్చి భలే పేరు పెట్టారు, కాదనను. కానీ రెండు పత్రాలూ చదివినవాడికి తన ఊరి పన్ను ఏ కాలువలో కలిసిందో మాత్రం తెలియలేదు. పెట్రోలు సంగతీ అంతే. దాని మీద రాష్ట్రం వేసే పన్ను వ్యాట్‌ను 2015లో 35.2 శాతం చేశారు. 2021 నవంబరులో కేంద్రం ఎక్సైజ్ సుంకం కొంత తగ్గించినా రాష్ట్రం తన వాటా తగ్గించలేదు. ఆ తరువాత ప్రభుత్వం మారింది, కుర్చీలు మారాయి, ప్రశ్న అడిగేవారు జవాబు చెప్పేవారయ్యారు. వ్యాట్ ఒక్కటే కదలకుండా కూర్చుంది.

అడిగేవాడికి అడిగే అర్హత ఉందా లేదా అన్నది వాళ్లలో వాళ్లు తేల్చుకోవలసిన విషయం. నేను పన్ను కట్టినవాణ్ణి. నా తరఫున ఎవరు నోరు తెరిచినా నాకు కావలసింది అంకె. రాజ్యాంగం 164వ అధికరణం మంత్రివర్గం శాసనసభకు ఉమ్మడిగా బాధ్యత వహించాలంది. అడిగినవాడి పాత చరిత్ర చూసి బాధ్యత వహించమని అందులో ఎక్కడా లేదు.

దక్షిణ తెలంగాణకు ఈ సంగతి మరీ ముఖ్యం. ఎందుకో లెక్కేసి చూడండి. ఉమ్మడి నల్లగొండలో 12, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14, మొత్తం 26 శాసనసభ స్థానాలు. 2018లో వాటిలో 22 అప్పటి అధికార పక్షానివి. మిగిలిన నలుగురిలో ఇద్దరు ఆ పక్షంలోకే నడిచారు, తక్కిన రెండు స్థానాలు హుజూర్‌నగర్, మునుగోడు ఉప ఎన్నికల్లో పోయాయి. 2022 నవంబరు నాటికి ఈ 26 చోట్ల ప్రతిపక్ష సభ్యుడన్నవాడు ఒక్కడూ మిగలలేదు. 2023లో గాలి తిరిగింది. ఈసారి 23 స్థానాలు కొత్త అధికార పక్షానికి, మూడు ప్రతిపక్షానికి. ఆ మూడింటిలో ఒకరు ఇప్పుడు ఏ పక్షమన్న పంచాయితీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అటు చూస్తే ముఖ్యమంత్రి పాలమూరు, అంటే మహబూబ్‌నగర్‌వారు. నీటిపారుదల, రోడ్లు భవనాల శాఖలు నల్లగొండకు, ఎక్సైజ్ పాలమూరుకు దక్కాయి. జవాబు చెప్పవలసినవారికి మన దగ్గర కొదవ లేదు, ప్రశ్న అడిగేవారికే కరువు. 1952లో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డిని లోక్‌సభలో ప్రతిపక్షానికి పంపిన జిల్లా ఇది. నకిరేకల్ నుంచి ఆరుసార్లు గెలిచిన నర్రా రాఘవరెడ్డి ఏనాడూ మంత్రి కాలేదు, అడగడం మాత్రం మానలేదు.

కింది స్థాయిలోనైనా అడిగే దిక్కుందా అంటే, సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి 1తో ముగిస్తే మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో గాని జరగలేదు. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే పాలకులు, లెక్క అడగాలన్నా చెప్పాలన్నా వారే.

ఇక ఆ ఎనిమిది రూపాయల సంగతి. ఇంటి పన్ను రసీదు మీద కింది వరుసల్లో గ్రంథాలయ పన్ను, అంటే లైబ్రరీ సెస్సు, అని ఒకటి ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం వసూలు చేసేది, నూటికి ఎనిమిది రూపాయలు. మున్సిపాలిటీ గానీ పంచాయతీ గానీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. దానితోనే పుస్తకాలు, పత్రికలు, కుర్చీలు, కరెంటు బిల్లు. ఆ గడిలో అంకె నా చేత్తో ఎన్ని వేల సార్లు రాశానో చెప్పలేను.

ఒకామె గుర్తుంది. రేకుల కప్పు ఒంటి గది ఇల్లు, పన్ను 250 రూపాయలు. కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెడుతూ, "ఇంటికి పన్ను తీసుకో అయ్యా, ఇస్తాను. ఈ గ్రంథాలయానికి ఇరవై రూపాయలు నేనెందుకివ్వాలి? నాకు అక్షరం ముక్క రాదు కదా" అంది. "నీ మనవడు చదువుకుంటాడమ్మా" అన్నాను. అదేం ఆలోచించి అన్న మాట కాదు, మధ్యాహ్నం ఎండలో త్వరగా బయటపడటానికి అన్నాను. ఆమె నమ్మింది. ఇరవై ఇచ్చి, రసీదు మడిచి రేషన్ కార్డు దాచుకున్న ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది.

ఆ మనవడు నిజంగానే చదువుతున్నాడు. గ్రూప్స్ పరీక్షకు తయారవుతున్నాడు. మా ఊరి గ్రంథాలయంలో ఉన్న కుర్చీలు పొద్దున ఎనిమిదింటికే నిండుతాయని ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ, అట్ట, నీళ్ల సీసా తెచ్చుకుని వేపచెట్టు కింద కూర్చుంటాడు. నీడ జరిగినకొద్దీ కుర్చీ జరుపుకుంటాడు. సాయంత్రానికి ఆ కుర్చీ కాళ్ల గుర్తులు చెట్టు చుట్టూ సగం గుండ్రంగా పడి ఉంటాయి. అతని లాంటివారు రోజూ పాతిక మంది. కావలసిన పుస్తకాలు వాళ్లే చందాలు వేసుకుని కొనుక్కుంటున్నారు. లోపలి బీరువాలో కరెంట్ అఫైర్స్ సంచికలు ఉన్నాయి గానీ, వాటిలోని ముఖ్యమంత్రి మూడు ఎన్నికల కిందటి మనిషి.

సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. జవాబు గడువులోపే వచ్చింది, ఆ మాట చెప్పాలి. వసూలైన గ్రంథాలయ పన్ను గడిలో ఏడాదివారీగా అంకెలున్నాయి. గ్రంథాలయ సంస్థకు జమ చేసిన మొత్తం అన్న గడిలో ఒక అడ్డగీత ఉంది. సున్నా అనాలా, తెలియదనాలా, అడగవద్దనాలా? ముప్పై ఏళ్ల నా ఉద్యోగంలో లెక్క పుస్తకంలో అడ్డగీత పెట్టి ఉంటే మేనేజరు నా చెవి పట్టుకుని ఉండేవారు.

మూడు లక్షల కోట్లు దాటిన రాష్ట్ర బడ్జెట్ ముందు ఈ చిల్లర ఏపాటిదని కొందరు నవ్వవచ్చు. సరే, పెద్ద లెక్కకే వెళదాం. కేంద్రం వేసే సెస్సుల్లో, సర్‌చార్జీల్లో రాష్ట్రాలకు వాటా ఇవ్వదు. మిగతా పన్నుల్లో పంచే 41 శాతంలో 2021-26 కాలానికి తెలంగాణకు 15వ ఆర్థిక సంఘం ఇచ్చింది 2.102 శాతమే. దీని మీద ఏ పార్టీ ప్రభుత్వమైనా ఢిల్లీలో గట్టిగానే మాట్లాడింది, మాట్లాడాలి కూడా. సెస్సు పేరుతో వసూలు చేసి అసలు హక్కుదారుకు ఇవ్వకపోవడం అన్యాయమని అక్కడ వాదించే మంత్రులు, ఇక్కడ నూటికి ఎనిమిది కట్టిన ముసలమ్మకు ఏం చెబుతారు?

శాసనసభలో అడిగితే "సమాచారం సేకరిస్తున్నాం" అనవచ్చు. అదైనా మేలే, మంత్రి అన్న ఆ మాట సభకు ఇచ్చిన హామీగా నమోదై ప్రభుత్వ హామీల కమిటీ దాకా వెళుతుంది. అసలు అడగాలి కదా. అడగడం ప్రతిపక్షానికే రాసిచ్చిన హక్కు కూడా కాదు. అధికార పక్ష సభ్యుడూ నక్షత్ర గుర్తు ప్రశ్న, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పవలసిన ప్రశ్న, వేయవచ్చు. ఇంకొకరు అనుబంధ ప్రశ్న వేయవచ్చు. మన 26 మందిలో ఎవరు లేచినా చాలు.

అందుకని ప్రశ్న నేనే రాశాను. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ప్రతి మున్సిపాలిటీ, ప్రతి పంచాయతీ గత పదేళ్లలో ఏటా గ్రంథాలయ పన్ను ఎంత వసూలు చేసింది, గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేసింది, మిగిలింది దేనికి వాడింది? పదేళ్లని ఎందుకు పెట్టానంటే, ఇద్దరి హయాం లెక్కలూ అందులోకి వస్తాయి, ఎవరూ ఎవరినీ ఎదురడిగే పని ఉండదు. పోయిన సోమవారం ఆ కాగితం పట్టుకెళ్లి మా శాసనసభ్యుడి కార్యాలయంలో ఇచ్చాను. అక్కడి కుర్రవాడు మర్యాదగానే తీసుకుని, "సార్‌కు చూపిస్తానండీ" అన్నాడు. ముట్టినట్టు ఒక రసీదు ఇవ్వమన్నాను. అలాంటివి ఇవ్వమన్నాడు.

ఇట్లు,
రిటైరైన ఒక బిల్ కలెక్టరు,
నల్లగొండ జిల్లా