అమ్మాయిలు యువత కారా?

అయ్యా,

కరోనా తర్వాత యువతకు ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగిందంటూ పది రోజుల కిందట మీరు వేసిన కథనం చదివాను. ఇంట్లో చుట్టాలుండి వెంటనే రాయడం కుదరలేదు. ఈలోగా ఎవరైనా రాస్తారేమోనని రోజూ చూశాను, ఎవరూ రాయలేదు. కథనం నిండా యువత, యువత అనే ఉంది. ఫొటోల్లో మాత్రం జిమ్‌లో బరువులెత్తే అబ్బాయిలే. అమ్మాయిలు యువత కారా?

నేను పీఈటీగా 31 ఏళ్లు పనిచేశాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు డిగ్రీ చదివే మా అబ్బాయి, ఉద్యోగం చేసే మా అమ్మాయి ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. మొదట్లో ఇద్దరూ డాబా మీద స్కిప్పింగ్ చేసేవారు. మే నెలకల్లా వాడొక్కడే మిగిలాడు. పనిమనిషి రావడం లేదు. వంట, అంట్లు, తెచ్చిన ప్రతి కూరగాయనూ ఉప్పునీళ్లలో కడిగి ఆరబెట్టడం, అన్నీ అమ్మాయికీ నాకూ పడ్డాయి. ఆ పైన రాత్రి తొమ్మిదిదాకా ఆమెకు లాప్‌టాప్. వాడు అర్ధరాత్రి దాటేదాకా ఫోను చూసి పదింటికి లేచినా, సాయంత్రం వ్యాయామం గంట మాత్రం వాడిదే. వాడిని కూడా వంటింట్లోకి పిలవాల్సింది. పిలవకపోవడం నా తప్పే.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2019లో కేంద్రం జరిపిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చించారు. 2024లో మళ్లీ లెక్క తీస్తే 289, 88. మగవాళ్లను నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టిన మహమ్మారి వచ్చి వెళ్లాక కూడా వాళ్ల వాటా పెరగలేదు, తగ్గింది! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, మగవాళ్లలో 25 శాతం మందికి. ఒంట్లో రక్తం లేని పిల్లకు వ్యాయామం చేసే గంట కూడా మిగల్చకపోతే ఎలా?

అబ్బాయిలంతా బాగుపడ్డారనీ అనను. ఎవరో చెప్పిన పొడులు తాగి నెలలో కండలు రావాలనుకునేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

ఇక అధికారుల సంగతి. మన రాష్ట్రంలో 2020 మే 4న మద్యం దుకాణాలు తెరిచారు. మా వార్డు పార్కుకు మాత్రం ఆ తర్వాత కూడా నెలల తరబడి తాళమే. ఇప్పుడు గేటు తీస్తున్నారు, వ్యాయామ పరికరాలూ పెట్టారు. కానీ దీపాలు వెలగవు. ఉద్యోగం నుంచి ఏడింటికి వచ్చే అమ్మాయి ఆ చీకట్లోకి ఎలా వెళ్తుంది? మూడు అర్జీలు ఇచ్చాను, రసీదులు తప్ప ఏమీ రాలేదు. బడుల్లో చూస్తే ఆటల పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేస్తున్నారు. మా రోజుల్లో సాయంత్రం ఆడపిల్లలు త్రోబాల్ ఆడి గాని ఇళ్లకు వెళ్లేవారు కాదు.

మళ్లీ రాసేటప్పుడు దయచేసి అమ్మాయిలను విడిగా అడిగి రాయండి. పార్కు దీపాల కోసం సోమవారం నాలుగో అర్జీ ఇస్తున్నాను. ఈసారి మా అమ్మాయి కూడా సంతకం చేసింది.

– విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు, తూర్పు గోదావరి జిల్లా