బ్యాంకాక్ ట్రిప్‌లో మార్పులు: ఏం తీసేశాం, ఏం పెట్టాం, రేటు ఎందుకు పెరిగింది

మాతో ఇదివరకు వచ్చినవాళ్లకూ, ఈ సీజన్ కోసం ఫోన్ చేసి వివరాలు అడుగుతున్నవాళ్లకూ నమస్కారం.

నవంబరు నుంచి మన బ్యాంకాక్ ట్రిప్‌లో పట్టాయా ఉండదు. రాళ్ల నగల షాపు దగ్గర ఆగడం ఉండదు. రేటు మనిషికి నాలుగు వేల రూపాయలు పెరుగుతుంది. ఫోన్లో చెప్తుంటే సగం విషయం అక్కడే ఆగిపోతోంది, అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. "మీకంటే తక్కువకే తీసుకెళ్తామంటున్నారండీ" అని రోజూ ఎవరో ఒకరు అంటున్నారు. నిజమే, తీసుకెళ్తారు. ఆ రేటు ఎలా వస్తుందో చెప్తాను. బ్యాంకాక్‌లో హోటలు, బస్సు, గైడు ఏర్పాట్లు చూసే ఏజెంట్లు మాలాంటివాళ్లకి రెండు రేట్లు చెప్తారు. షాపు దగ్గర బస్సు ఆపితే ఒక రేటు, ఆపకపోతే ఇంకో రేటు. ఆపిన బస్సులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి షాపువాళ్లు ఏజెంటుకి తలకింత అని ఇస్తారు. మీరు కొన్నదాని మీద కమీషన్ వేరే. గైడుకి చాలాసార్లు అసలు సంపాదన ఆ కమీషనే. అంటే ట్రిప్ చవకగా దొరికిన మాట నిజమే కానీ, ఆ తేడా ఆ ఏసీ హాల్లో మీ జేబులోంచే వస్తుంది. ఒక్కో కుటుంబం వెనక ఒక్కో సేల్స్‌మన్ తిరుగుతాడు. పెద్దవాళ్లకి మొహమాటం. కాఫీ ఇచ్చారు కదా, ఏదో ఒకటి తీసుకోకపోతే బాగుండదనుకుంటారు. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అలాగే కెంపు ఉంగరం కొన్నారు. ఊరికి వెళ్లాక ఆచారికి చూపిస్తే, ఇచ్చిన ధరలో నాలుగో వంతు కూడా చేయదన్నాడట. ఆవిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ షాపు ఇక మన ట్రిప్‌లో ఉండకూడదని నేను అప్పుడే అనుకున్నాను.

షాపు తీసేస్తే గైడుకి కమీషన్ పోతుంది, కాబట్టి అతనికి పూర్తి కూలి మేమే ఇవ్వాలి. థాయ్‌లాండ్ చట్టం ప్రకారం అక్కడ గైడు పని థాయ్ పౌరులే చేయాలి, లైసెన్సు ఉండాలి. మన మనిషి మీతో టూర్ మేనేజర్‌గా వస్తాడు, తెలుగులో అన్నీ చూసుకుంటాడు. కానీ గుళ్లలో నిలబడి వివరించాల్సింది మెడలో లైసెన్సు కార్డు వేసుకున్న అక్కడి గైడే. అతను ఇంగ్లీషులో చెప్తాడు, మనవాడు తెలుగులో మళ్లీ చెప్తాడు. పెరిగిన నాలుగు వేలలో ఎక్కువ భాగం గైడు జీతానికీ, ప్రవేశ టికెట్లకీ పోతుంది. గ్రాండ్ ప్యాలెస్ (పాత రాజకోట) టికెట్ విదేశీయులకి 500 బాత్ (అక్కడి డబ్బు), వాట్ ఫో గుడికి 300, వాట్ అరుణ్ గుడికి 200. ఈ మూడింటికే మనిషికి వెయ్యి బాత్. మీరు ఎవరి ప్యాకేజీ చూసినా సరే, కాగితం మీద 'ఫొటో స్టాప్' అని రాసి ఉందేమో చూడండి. ఉంటే లోపలికి తీసుకెళ్లరన్నమాట. తెల్ల గోడ ముందు దింపి, ఫొటో తీయించి, మళ్లీ బస్సెక్కిస్తారు.

గ్రాండ్ ప్యాలెస్ గోడ లోపల ఏముందో తెలిస్తే ఎవరూ బయటి నుంచి తిరిగి రారు. 1782లో మొదటి రామ అనే థాయ్ రాజు రాజధానిని చావో ఫ్రయా నదికి తూర్పు ఒడ్డుకి మార్చి ఈ కోట మొదలుపెట్టాడు. లోపలున్న మరకత బుద్ధుడి గుడి చుట్టూ పొడవాటి మండపం ఉంటుంది. దాని గోడల మీద 178 పెద్ద బొమ్మల్లో రామాయణం మొత్తం గీశారు. వాళ్లు రామకియెన్ అంటారు. ఉత్తరం వైపు జనకుడు నేల దున్నుతుంటే సీత దొరికిన బొమ్మతో కథ మొదలవుతుంది. అక్కణ్ణుంచి ప్రదక్షిణగా నడుస్తూ చూసుకుంటూ పోవాలి. టూర్ గుంపులు చాలావరకు ఈ మండపాన్ని పది నిమిషాల్లో దాటేస్తాయి. మనం ఇక్కడ గంటన్నర ఉంటాం.

ఒక్క బొమ్మ గురించి చెప్తాను. హనుమంతుడు కొండంత పెరిగి, నోరు తెరుచుకుని ఉంటాడు. ఆ నోట్లో రాముడి విడిది ఉంటుంది. మైరావణుడు వచ్చి రాముణ్ణి ఎత్తుకుపోకుండా విడిదినే నోట్లో పెట్టుకుని కాపలా కాస్తున్నాడు. మన తోలుబొమ్మలాటల్లో, అమ్మమ్మలు చెప్పిన కథల్లో ఇదే ఘట్టంలో హనుమంతుడు తోకని కోటలా చుట్టి కూర్చుంటాడు. తర్వాత పాతాళానికి దిగితే వాకిట్లో చేపతోక ఉన్న కుర్రాడు అడ్డం వస్తాడు. మన కథల్లో వాడు మత్స్యవల్లభుడు, వాళ్ల కథలో మచ్ఛాను. రెండు చోట్లా హనుమంతుడి కొడుకే. తెనాలి నుంచి వచ్చిన ఒక మాస్టారు ఈ గోడ దగ్గర గైడుని పక్కన కూర్చోమని, కథ అంతా తనే చెప్పడం మొదలుపెట్టారు. గైడు నోరు తెరుచుకుని విన్నాడు. నేను ఈ పని ఎందుకు చేస్తున్నానని ఎవరైనా అడిగితే ఆ మండపమే చూపిస్తాను.

అయితే వాళ్ల రామాయణం మనది కాదు. అందులో సీత రావణుడి కూతురు. హనుమంతుడు బ్రహ్మచారి కాదు. కొందరు పెద్దలకి ఇది కష్టంగా ఉంటుంది, అవి చెప్పొద్దనమని మమ్మల్ని అడిగారు. గైడుతో అలా అనలేం. ఆ కథ వాళ్లది, వాళ్ల గుడిలో వాళ్లకి తెలిసినట్టే చెప్తారు. దయచేసి అక్కడ వాదన పెట్టుకోవద్దు.

ప్యాలెస్ టికెట్‌తోనే సాలా చలెర్మ్‌క్రుంగ్ అనే రాజ థియేటర్లో ఖోన్ అనే ముసుగుల నాట్య ప్రదర్శన కూడా చూడొచ్చు. చాలా గుంపులకి అది ఉందనే తెలియదు. రాక్షసులకీ వానరులకీ ముసుగులుంటాయి, పక్కన కూర్చున్నవాళ్లు కథ పాడతారు. హనుమంతుడి ముసుగు తెలుపు, రావణుడిది ఆకుపచ్చ. 2018లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చిన కళ ఇది. పొద్దున బొమ్మల్లో చూసినవాళ్లు మధ్యాహ్నం కళ్లముందు గంతులేస్తుంటే పిల్లలు కూడా ఫోన్లు పక్కన పెడతారు. కాకపోతే ఈ ప్రదర్శన సోమవారం నుంచి శుక్రవారం వరకే. రెండు రోజుల సెలవుతో సరిపోయేలా శని, ఆదివారాలకి పెట్టమని చాలామంది అడిగారు. పెట్టలేకపోవడానికి కారణం ఇదే. బుధవారం రాత్రి శంషాబాద్ నుంచి విమానం, గురువారం విశ్రాంతి, సాయంత్రం నది మీద పడవ. ప్యాలెస్, ఖోన్ శుక్రవారం. ఆదివారం రాత్రికి తిరుగు ప్రయాణం.

శనివారం పొద్దున వాట్ ఫో. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు. పాదాల మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలు ఉంటాయి, అవి చూడకుండా ఎవరూ బయటికి రావద్దు. సాయంత్రం రేవు దాటి వాట్ అరుణ్. మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కవద్దు. కింద నుంచి చూసినా గోపురం నిండా అతికించిన చైనా పింగాణీ పువ్వులు బాగా కనిపిస్తాయి.

పట్టాయా ఎందుకు తీశామంటే, రానూ పోనూ రోడ్డు మీదే దాదాపు ఒక పూట పోతుంది. నాలుగు రోజుల ట్రిప్‌కి అది చాలా ఎక్కువ. అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లకి వేరే ఏజెన్సీలు చాలా ఉన్నాయి, మొహమాటం లేకుండా వాళ్లతో వెళ్లండి.

బట్టల విషయంలో టెన్షన్ అక్కర్లేదు కానీ, ప్యాలెస్‌కి షార్ట్స్, చేతుల్లేని జాకెట్లు, పలచటి లెగ్గింగ్స్ పనికిరావు. చీర, చుడీదారు, ప్యాంటు ఏదైనా సరే. గేటు దగ్గర ఎవరైనా పెద్దమనిషి తరహాలో వచ్చి "ఈ రోజు పండగ, ప్యాలెస్ మూసేశారు, టుక్‌టుక్‌లో వేరే గుడికి తీసుకెళ్తా" అంటే నమ్మకండి. ఆ టుక్‌టుక్ చివరికి ఆగేది రాళ్ల షాపు దగ్గరే.

శాకాహారులు ఎక్కువగా భయపడేది తిండికి. మాంసం లేదన్నంత మాత్రాన చేపల సాస్ లేదని కాదు. అక్కడ చాలా కూరల్లో ఉప్పు బదులు అదే వేస్తారు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో 'జే' గుర్తున్న చోట మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. రాత్రి భోజనం మనం భారతీయ హోటల్లోనే ఏర్పాటు చేస్తున్నాం. కందిపొడి, ఆవకాయ తెచ్చుకోండి, చెక్ఇన్ బ్యాగులో పెట్టుకోండి.

కాగితాల పని: 2025 మే నుంచి థాయ్‌లాండ్ వెళ్లే విదేశీయులంతా ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. ప్రయాణానికి మూడు రోజుల ముందు మా ఆఫీసులోనే నింపి మీకు పంపుతాం. దానికి డబ్బు అడిగే సైట్ ఏదైనా నకిలీదే. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి, మీ టికెట్ తీసే ముందు ఆ రోజు అమల్లో ఉన్నది చూసి చెప్తాం.

ఇంకో మాట, గట్టిగానే చెప్తున్నాను. బ్యాంకాక్‌లో గంజాయి దుకాణాలు కనిపిస్తాయి. 2025 జూన్ నుంచి అక్కడ కూడా డాక్టరు చీటీ ఉండాలి. మన దేశంలోకి తెస్తే జైలే. బ్యాంకాక్ విమానాల్లో దిగినవాళ్ల దగ్గర గంజాయి పట్టుబడ్డ వార్తలు మీరూ చదివే ఉంటారు. విమానాశ్రయంలో ఎవరైనా, తెలుగువాళ్లే అయినా సరే, "ఈ పార్శిల్ మా అన్నయ్యకి ఇవ్వండి" అంటే తీసుకోవద్దు. మన గుంపులో ఎవరు తీసుకున్నా టూర్ మేనేజర్ ఊరుకోడు. ఈ-సిగరెట్లు థాయ్‌లాండ్‌లో నిషేధం, అవి ఇంట్లోనే వదిలేయండి.

పాత రేటుకి అడ్వాన్స్ కట్టినవాళ్ల దగ్గర ఆ నాలుగు వేలు తీసుకోం. ప్రోగ్రాం మాత్రం కొత్తదే. పట్టాయా కోసమే కట్టినవాళ్లు ఈ నెలాఖరులోగా చెప్పండి, కట్టింది మొత్తం తిరిగి ఇచ్చేస్తాం. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు ఉందో లేదో ఈ రోజే తీసి చూసుకోండి.