చైనా నుంచి డైరెక్టుగా తెప్పిస్తున్నాం సరే, రేట్లు ఎందుకు సగం కాలేదు? మన కస్టమర్లందరికీ

నమస్తే అండీ. మన గ్రూపులో ఈ మధ్య ఒకటే ప్రశ్న తిరుగుతోంది, "అక్కా, బొంబాయి డీలర్‌ని మానేసి రాళ్ళు, పూసలు, లేసులు చైనా నుంచి డైరెక్టుగా తెప్పిస్తున్నారంట కదా, మరి రేటు సగానికి సగం తగ్గాలి కదా" అని. ఒక్కొక్కళ్ళకి వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేదు, అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగే, చేతిలో పని అయ్యాక చదవండి.

ముందు రేట్ల సంగతి. హాట్‌ఫిక్స్ రాళ్ళు (వేడి చేసి బట్టకి అంటించేవి), ప్లాస్టిక్ ముత్యాలు, లేసులు, రెడీమేడ్ లట్కన్లు, ఇవి తగ్గాయి, మీరు బిల్లులో చూసే ఉంటారు. జర్దోసి తగ్గలేదు, తగ్గదు కూడా, ఎందుకంటే అది వచ్చేది సూరత్ నుంచి, దానికీ చైనాకీ సంబంధం లేదు. ఇంక రాళ్ళు కూడా సగానికి ఎందుకు పడలేదు అంటే, అక్కడ మీరు యూట్యూబులో చూసే రేటు షాపు గుమ్మం రేటు. దాని మీద అక్కడి గోడౌన్ దాకా లారీ, అక్కడి పోర్టు ఖర్చు, ఓడ కిరాయి, ఇన్సూరెన్సు, ఇవన్నీ కలిపిన విలువ మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ, ఆ డ్యూటీ మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, మళ్ళీ మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ. ఐజీఎస్టీ తర్వాత క్రెడిట్ వస్తుంది గానీ ముందు డబ్బు కట్టాల్సింది మనమే కదా, అన్ని రోజులు పెట్టుబడి అక్కడ ఇరుక్కుంటుంది. ఆ పైన చెన్నైలో కస్టమ్స్ ఏజెంటు ఫీజు, అక్కడ్నుంచి గుంటూరుకి ట్రాన్స్‌పోర్టు. ఇవన్నీ పోగా మిగిలిన తేడాలో కొంత మీకు తగ్గించాం, కొంత మేం ఉంచుకున్నాం. ఉంచుకోలేదు అని చెప్తే మీరూ నమ్మరు.

కానీ అసలు ఖర్చు ఈ లెక్కల్లో కనపడదండీ, అది భాష. ఇన్నాళ్ళు బొంబాయి డీలర్ మన దగ్గర తీసుకున్న మార్జిన్‌లో సగం దీనికేనని ఇప్పుడు అర్థమైంది, మేం ఫోన్లో "అన్నా, పోయినసారి పంపిన లైట్ పీచ్ రాయి, దానికంటే ఒక్క పిసరు గులాబీ" అంటే ఆయనకి తెలిసిపోయేది. అదే మాట చైనాలో కొట్టు నడిపే అమ్మాయికి చెప్పాలంటే ఎలా?

మేం కొంటున్నది యీవూ అనే ఊళ్ళో, షాంఘైకి దక్షిణంగా జజియాంగ్ ప్రావిన్సులో ఉంటుంది, హైస్పీడ్ రైల్లో రెండు గంటల లోపే. ఆ హోల్‌సేల్ మార్కెట్లో 75 వేల దాకా కొట్లు ఉన్నాయంటారు, ఒక్కో కొట్టు మన షాపులో బిల్లింగ్ కౌంటర్ అంతే. గోడ నిండా బోర్డులు, బోర్డు మీద రాళ్ళు, పూసలు వరసగా అంటించి ఒక్కోదాని కింద కోడ్ నంబర్ స్టిక్కర్. అమ్మేవాళ్ళకి ఇంగ్లీషులో అంకెలొచ్చు, నాలుగు రంగులొచ్చు, అరబ్బు దేశాల వాళ్ళు, ఆఫ్రికా వాళ్ళు ఎక్కువ తిరుగుతారు కాబట్టి కొందరికి అరబిక్ అంకెలు కూడా వచ్చు. బేరమంతా క్యాలిక్యులేటర్ మీదే. ఆమె 4.2 కొట్టి మన వైపు తిప్పుతుంది, మనం చెరిపి 3.6 కొట్టి తిప్పుతాం, ఆమె నవ్వి మళ్ళీ 4.2 కొట్టి, పక్కన కార్టన్‌ల సంఖ్య పెంచి చూపిస్తుంది, అంటే ఇన్ని కార్టన్లు తీసుకుంటేనే మాట్లాడతా అని. క్యాలిక్యులేటర్ అందకపోతే వేళ్ళు. అయితే వాళ్ళు ఆరు నుంచి పది దాకా ఒక్క చేత్తోనే చూపిస్తారు, బొటనవేలు చూపుడువేలు చాపితే మనకి రెండు అనిపిస్తుంది, వాళ్ళ లెక్కలో అది ఎనిమిది. యువాన్ (వాళ్ళ డబ్బు) 12 రూపాయల దగ్గర ఉన్న రోజుల్లో రెండుకీ ఎనిమిదికీ తేడా ఎంతో మీరే చూసుకోండి.

రేటు కుదరడం తేలికే, కొలతల దగ్గరే చిక్కు. పూసలు అక్కడ కిలోల్లో చెప్పరు, వాళ్ళ లోకల్ తూకం అరకిలో, రేటు దానికి చెప్తారు, మనం కిలోకనుకుని మురిసిపోతాం. రాళ్ళు గ్రోసు లెక్క, అంటే 144. పెద్ద సంఖ్యలు వచ్చేసరికి వాళ్ళు పదివేలొక కట్టగా లెక్కపెడతారు, మనం లక్షల్లో, మధ్యలో ఇంగ్లీషు వచ్చి థౌజండ్ అంటుంది, మూడు లెక్కల మధ్య ఒక సున్నా ఎటు పోతుందో తెలీదు. అందుకే ఇప్పుడు మా ఆర్డర్ షీట్లో మాటలు దాదాపు లేవు. వాళ్ళ కోడ్, మన కోడ్, సైజు (ఎస్ఎస్ 6 అంటే సుమారు 2 మిల్లీమీటర్లు, ఎస్ఎస్ 10 అంటే 2.8, ఎస్ఎస్ 16 అంటే 4), ప్యాకెట్లో ఎన్ని, ప్యాకెట్ బరువు ఎన్ని గ్రాములు, సంఖ్యలన్నీ పూర్తి అంకెల్లో, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో. రంగుకి మాత్రం ఫొటో నమ్మడం మానేశాం, అసలు రాయినే కార్డుకి అంటించి రెండు కార్డులు చేస్తాం, ఒకటి వాళ్ళ దగ్గర, ఒకటి మా దగ్గర, రెండిటి మీదా సంతకాలు. మీకు షాపులో ఇస్తున్న కొత్త షేడ్ కార్డు దాన్ని చూసి తయారు చేసిందే. కాబట్టి దయచేసి వాట్సాప్‌లో చీర ఫొటో పెట్టి "దీనికి మ్యాచింగ్ పంపండి" అనకండి, కార్డు మీద నంబర్ చెప్పండి. చీరకి మ్యాచింగ్ కావాలంటే చీర పట్టుకుని రండి, లేదా బార్డర్ ముక్క కొరియర్ చేయండి.

ఇంకో సంగతి, "రంగు పోదు కదా" అని అడిగితే ఏ కొట్లోనైనా నో ప్రాబ్లం అనే వస్తుంది, పట్నంబజార్లో అడిగినా అంతే అనుకోండి, వాళ్ళనేం అనడానికి లేదు. ఇప్పుడు అవును కాదు అని జవాబొచ్చే ప్రశ్న అడగడమే లేదు. వెనకాల ఏ జిగురు, ఎంత వేడికి అంటుకుంటుంది, ఎన్ని సెకన్లు ప్రెస్ చేయాలి, డ్రైక్లీనింగ్‌కి ఇచ్చిన శాంపిల్ ఫొటో ఉందా, ఇలా అడుగుతాం. అంకె చెప్పగలిగితే వాళ్ళకి తెలుసన్నమాట, ఊరికే నో ప్రాబ్లం అంటే పక్క కొట్టుకి పోతాం. సంక్రాంతి లాట్‌లో కొన్ని గోల్డ్ రాళ్ళకి వెనక పూత లేచిపోయిందని మీలో కొందరు తెచ్చి చూపించారు కదా, ఆ సప్లయర్ పేరు చెప్పను గానీ, డబ్బు వెనక్కి ఇవ్వలేదు, తర్వాతి ఆర్డర్లో సర్దాడు. ఆ రాళ్ళు ఎవరి దగ్గర మిగిలినా తెచ్చి మార్చుకోండి.

ఇంక రోజూ మాట్లాడుకోవడం. చైనాలో వ్యాపారం మొత్తం నడిచేది వీచాట్ అనే వాళ్ళ మెసేజ్ యాప్ మీద, మన దేశంలో 2020 జూన్‌లో నిషేధించిన 59 యాప్‌ల్లో అదీ ఉంది. అక్కడేమో వాట్సాప్ నడవదు, ఎక్స్‌పోర్టు చేసేవాళ్ళు ఏదో వీపీఎన్ పెట్టుకుని చూస్తారు, వాళ్ళకి నెట్ కుదిరినప్పుడు జవాబు. మిగతాది ఈమెయిలు. పైగా వాళ్ళ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు, మనం షాపు తెరిచి దీపం పెట్టేసరికి వాళ్ళు భోజనం చేసి కునుకు తీస్తుంటారు, మన మూడున్నరకి వాళ్ళకి ఆరు, ఆఫీసు కట్టేస్తారు. "పొద్దున అడిగితే సాయంత్రం దాకా చెప్పలేదేం అక్కా" అంటారు మీరు, కారణం ఇదండీ.

ట్రాన్స్‌లేషన్ యాప్‌తో మామూలు మెసేజ్‌లు గడిచిపోతాయి. గొడవొచ్చినప్పుడు మాత్రం మనిషి కావాలి. మాకు దొరికిన మనిషి ఎవరో చెప్తే మీరు ఆశ్చర్యపోతారు, చైనాలో ఎంబీబీఎస్ చదివి వచ్చిన అబ్బాయి. మన తెలుగు పిల్లలు అక్కడికి మెడిసిన్‌కి బాగానే వెళ్ళారు కదా, క్లాసులు ఇంగ్లీషులోనే అయినా ఆస్పత్రిలో పేషెంట్లతో మాట్లాడాలి కాబట్టి హెచ్ఎస్‌కే (చైనీస్ భాష పరీక్ష) నాలుగో లెవెల్ దాకా చైనీస్ నేర్చుకోవాల్సిందే. ఇక్కడికొచ్చి ఎఫ్ఎంజీఈకి, అంటే బయట దేశాల్లో మెడిసిన్ చదివినవాళ్ళు ఇక్కడ రాయాల్సిన పరీక్షకి, చదువుకుంటూ, ఖాళీ టైంలో మాకు కాల్స్ మాట్లాడి పెడుతున్నాడు, గంటకింత అని ఇస్తాం. కడుపునొప్పి ఎక్కడుంది అని అడగడం నేర్చుకున్న పిల్లాడు ఇప్పుడు లేసు ఎన్ని గజాలు తక్కువొచ్చిందో అడుగుతున్నాడు. మొదట్లో పూసల మాటలు రాక తడబడ్డా మా షాపులో రెండు పూట్లు కూర్చోబెట్టి అన్నీ చూపించాక గాడిన పడ్డాడు. అతను మాట్లాడితే అవతల గొంతే మారిపోతుందండీ, అప్పటిదాకా ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు టైప్ చేసే మనిషి వాళ్ళ ఊరు, పిల్లలు, ఫ్యాక్టరీలో ఎవరు సెలవు పెట్టారో అన్నీ చెప్పేస్తుంది. సరుకు లేటెందుకో నిజం అలా బయటికొస్తుంది. ఇలా చదివొచ్చి ఖాళీగా ఉన్న పిల్లలు మీ ఇళ్ళల్లో, మీ బంధువుల్లో ఉంటే ఇది మంచి పని అని చెప్పండి, దీనికి డిమాండ్ ఉంది.

యీవూలో ఏజెంట్లు లేరా అంటే బోలెడు మంది, మన ఇండియా వాళ్ళు కూడా ఉన్నారు. కమిషన్ మామూలుగా 3 నుంచి 5 శాతం చెప్తారు. వెంట తిరుగుతారు, సరుకు ఒకచోట చేర్చి కార్టన్లు లెక్కపెట్టి కంటెయినర్లో ఎక్కిస్తారు, మనలా నాలుగు పెట్టెలు కొనేవాళ్ళకి వాళ్ళు లేకపోతే కుదరదు. కాకపోతే కొందరు కొట్టువాడి దగ్గర కూడా తీసుకుంటారు, అది మన రేట్లోనే కలుస్తుంది, భాష రాకపోతే మన ముందే జరిగినా తెలీదు. మేం బేరానికి మన అబ్బాయిని వీడియో కాల్‌లో పెట్టుకుంటాం, ఏజెంటుకి లోడింగ్ పని మాత్రం ఇస్తాం.

ఇప్పుడు మీలో చాలామంది చాటుగా అడిగేది, "మేం కూడా తెప్పించుకోవచ్చా" అని. తెప్పించుకోండి, నేనేం అనుకోను. డీజీఎఫ్‌టీ (ఎగుమతి దిగుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు) సైట్లో ఐఈసీ, అంటే ఇంపోర్టు ఎక్స్‌పోర్టు కోడ్ నంబర్ తీసుకోవాలి, ఫీజు 500 రూపాయలే, ఏటా ఏప్రిల్ జూన్ మధ్య ఆన్‌లైన్లో మళ్ళీ కన్ఫర్మ్ చేయాలి, లేకపోతే డీయాక్టివేట్ అవుతుంది, చాలామంది ఇది మర్చిపోతారు. డబ్బు బ్యాంకు ద్వారా టీటీ (బ్యాంకు నుంచి బ్యాంకుకి నేరుగా పంపడం) మాత్రమే, 30 శాతం అడ్వాన్సు, మిగతా 70 లోడింగుకి ముందు, ఇదే అక్కడ మామూలు పద్ధతి. "మా బ్యాంకు అకౌంట్ మారింది, కొత్తదాంట్లో వేయండి" అని మెయిలొస్తే వీడియో కాల్‌లో మొహం చూసి అడిగాకే పంపండి, మెయిల్ హ్యాక్ చేసి మధ్యలో కొట్టేసేవాళ్ళు ఉన్నారు. ప్యాకెట్ మీద ఇంపోర్టర్ పేరు, అడ్రస్, ఏ దేశంలో తయారైందో, ఎమ్మార్పీ ఉండాలి. పిల్లల బొమ్మల జోలికి మాత్రం పోకండి, 2021 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, డ్యూటీ కూడా 2023లో 70 శాతానికి పెంచారు. "అక్కా, మీ కంటెయినర్లోనే నాలుగు బొమ్మల పెట్టెలు పెట్టించండి" అన్నవాళ్ళకి నేను ఒప్పుకోనిది అందుకే, ఒక్క పెట్టె వల్ల మొత్తం లాటు పోర్టులో ఆగిపోతుంది.

అప్పు పెట్టి కొనేవాళ్ళకి ఒక మాట. 2012లో యీవూలో ఒక కంపెనీ బాకీలు ఎగ్గొట్టి పోతే అక్కడ పనిచేసే ఇద్దరు ఇండియన్లని సప్లయర్లు నిర్బంధించారు, అది పెద్ద గొడవై మన ఎంబసీ యీవూలో వ్యాపారం చేయొద్దని హెచ్చరిక కూడా ఇచ్చింది. ఇప్పుడు ఊరు మామూలుగానే ఉంది, 2025 అక్టోబర్ నుంచి కలకత్తా గ్వాంగ్‌జౌ డైరెక్టు విమానం కూడా మళ్ళీ మొదలైంది. అయినా మేం క్రెడిట్ మీద ఒక్క కార్టన్ తీసుకోం.

కొనడమే కాదు, వాళ్ళకి అమ్మేవాళ్ళు మన చుట్టూనే ఉన్నారు. మన గుంటూరు మిర్చి యార్డు నుంచి తేజ మిర్చి చైనాకి బాగా వెళ్తుంది, చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు చైనాలో షియామెన్ అనే ఊరికి పోతాయి, అక్కడ ఏటా మార్చిలో రాతి ఎగ్జిబిషన్ జరుగుతుంది. హైదరాబాద్ ముత్యాలు అని మనం గొప్పగా చెప్పుకునేవి కూడా ఎక్కువభాగం చైనా మంచినీటి ముత్యాలే, ఇక్కడ సానబట్టి గుచ్చుతారు. మా చిన్నాన్న వాళ్ళు మిర్చిలో ఉన్నారు, వాళ్ళకి నా అంత కష్టం లేదు, ఎందుకంటే అమ్మేవాడి దగ్గరికి కొనేవాడే భాష వెతుక్కుని వస్తాడు. చైనా కొనుగోలుదారు తన మనిషిని వెంటబెట్టుకుని వచ్చి కాయ విరిచి చూసుకుంటాడు. వాళ్ళ తలనొప్పంతా కాగితాల దగ్గర, తిండి సరుకు పంపాలంటే చైనా కస్టమ్స్ 2022 నుంచి రిజిస్ట్రేషన్ రూల్స్ బాగా బిగించింది, ఏ సరుకుకి ఏది కావాలో ముందే చూసుకోవాలి.

సరే, ఇక తేదీలు. ఈసారి అధిక జ్యేష్ఠం వల్ల శ్రావణం ఆగస్టు మధ్యకి జరిగింది, మనకి అది మంచిదే, లాటు అప్పటికి దిగుతుంది. పెళ్ళిళ్ళ స్టాక్ దగ్గరే జాగ్రత్త పడాలి. వాళ్ళ కొత్త సంవత్సరం కూడా అమావాస్య లెక్కే, 2025లో జనవరి 29, 2026లో ఫిబ్రవరి 17, వచ్చే 2027లో ఫిబ్రవరి 6. అంటే సరిగ్గా మన మాఘం ముహూర్తాల దగ్గర వాళ్ళ ఫ్యాక్టరీలు మూతపడతాయి, పనివాళ్ళు రెండు మూడు వారాల ముందే ఊళ్ళకి పోతారు, తిరిగొచ్చి మెషీన్లు తిరిగేసరికి నెల దాటుతుంది. అక్టోబర్ మొదటి వారం కూడా వాళ్ళకి సెలవులే. కాబట్టి మాఘం, ఫాల్గుణం పెళ్ళిళ్ళకి స్పెషల్ షేడ్స్ కావాల్సిన బొటిక్ వాళ్ళు కార్డు నంబర్లు, గ్రోసుల లెక్క దసరా లోపు ఇవ్వండి, 25 శాతం అడ్వాన్సు. దసరా తర్వాత ఇచ్చినవి షాపులో ఉన్న రంగుల్లోంచే, రేటు అప్పటి యువాన్ బట్టి.

షేడ్ కార్డు డిపాజిట్ 300, పాడవకుండా తెచ్చిస్తే వెనక్కి ఇస్తాం. కర్నూలు, ఖమ్మం వాళ్ళకి కొరియర్లో పంపుతాం, ఆదివారం మాత్రం షాపు ఒంటిగంట దాకే.