ఆఫ్రికాలోని మలావిలో మా ఆయన్ని కాపాడిన అందరికీ, ముఖ్యంగా ఒక అవ్వకి

అందరికీ వందనాలు. మా ఆయన డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది కానీ జ్వరం లేదు, మనుషుల్ని గుర్తుపడుతున్నారు, పొద్దున పప్పుచారు అడిగారు. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి, అయినా ఇప్పుడు రాయకపోతే ఇక రాయలేను, తప్పులుంటే సర్దుకోండి.

తెలియనివాళ్ళకి: ఇక్కడ డిసెంబరంటే వానలు, వానలంటే దోమలు. జోంబా దగ్గర మా మందిరంలో సెమీ క్రిస్మస్‌కి (అవును, ఆ అలవాటు ఇక్కడిదాకా మోసుకొచ్చింది మేమే) స్టార్ కడుతూ కడుతూ ఆయన నిచ్చెన దిగి చలేస్తోందన్నారు. తెల్లారేసరికి నన్నే "ఎవరు నువ్వు" అని అడిగారు. మలేరియా మెదడుకెక్కిందని చెప్పి డాక్టరు వెంటనే ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ప్రభుత్వాసుపత్రిలో వైద్యం ఉచితమే, కానీ రోగికి వండిపెట్టడం, బట్టలుతకడం, రాత్రి మంచం పక్కన నేలమీద పడుకోవడం అంతా వెంట వచ్చిన మనిషి పనే. గార్డియన్ అంటారు. వాళ్ళ వంటకి వార్డుల వెనక ఒక షెడ్డు, మూడేసి రాళ్ళ పొయ్యిలు.

ఆ షెడ్డులో తడికట్టెలు పొగే తప్ప మంట రాక ఊదుతూ కూర్చున్నాను. పక్క పొయ్యి దగ్గర ఒక అగోగో, అంటే అవ్వ. ఫాలోంబే వైపు పల్లె, మనవరాలి కాన్పుకి వచ్చింది. ఏమీ అడగలేదు. తన పొయ్యిలోంచి ఒక కొరివి తీసి నా పొయ్యిలో పెట్టింది, నా గిన్నె తీసుకుని తన మూటలోని మొక్కజొన్న పిండితో జావ కాచి ఇచ్చింది. ఆ తర్వాత పూటపూటకీ అదే వరస. డిసెంబరు నుంచి మార్చి దాకా ఇక్కడి పల్లెల్లో గాదెలు ఖాళీ అండీ, కొత్త మొక్కజొన్న చేతికొచ్చేదాకా పిండి కొలుచుకుని వండుకునే రోజులు. అలాంటి రోజుల్లో ఆవిడ మూట సగమైంది మావల్లే.

కానీ నేను ఏడ్చింది జావకి కాదు. ఆయన పక్కంతా వాంతి చేసుకుంటే దుప్పటి బకెట్లో వేసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళి, నిలబడలేక గట్టుమీద కూలబడ్డాను. అగోగో వచ్చి బకెట్ లాక్కుంది. నడుముకి చుట్టుకున్న చీటెంజె గుడ్డ ముడి విప్పి అందులోంచి సబ్బుముక్క తీసింది, అగ్గిపెట్టెలో సగం కూడా లేదు, పుట్టబోయే బిడ్డ గుడ్డల కోసం దాచుకున్నదని తర్వాత నర్సు చెప్పింది. దాంతో మా దుప్పటంతా ఉతికి, పిండి, కంచెమీద ఆరేసి, భుజాన ఉన్న ఇంకో గుడ్డ తీసి నాకు కప్పి మనవరాలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయనకి ఫిట్స్ వచ్చినప్పుడు కూడా రాని ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది.

డబ్బివ్వబోతే నవ్వేసింది. బలవంతాన రెండు సబ్బులు చేతిలో పెడితే ఒకటి ఉంచుకుని రెండోది ఎదురు మంచం ఆవిడకి ఇచ్చేసింది. మనవరాలికి మగపిల్లాడు, తల్లీబిడ్డా క్షేమం.

క్రిస్మస్ వార్డులోనే జరిగింది. ఇక్కడ రోజూ తినేది న్సిమ, మన సంకటిలాంటిది, పండగంటేనే అన్నం, కోడికూర. ఆరాధన అవగానే సంఘం స్త్రీలు అవి పట్టుకుని పాడుకుంటూ వచ్చేశారు. నర్సు గొంతు తగ్గించమంటే పక్క మంచాల రోగులే ఇంకో పాట అడిగారు. ఆయన రెండు ముద్దలు తిన్నారు.

ఒక్కమాట మాత్రం అనకుండా ఉండలేను. రెన్యువల్‌కని ఇచ్చిన మా పాస్‌పోర్టులు ఒక ఆఫీసులో నెలల తరబడి మూలుగుతున్నాయి. అవసరమైతే జోహన్నెస్‌బర్గ్ తీసుకెళ్ళాలి అని డాక్టరు అన్నారు, దేంతో తీసుకెళ్ళాలి, రసీదు చూపించి విమానం ఎక్కాలా? ఇక ఇన్సూరెన్స్ వాళ్ళు అడ్మిషన్‌కి అప్రూవల్ ఇవ్వాలంటే ముందు డిశ్చార్జ్ సమ్మరీ పంపమన్నారు! ప్రీమియం మాత్రం తేదీ తప్పకుండా కోస్తారు. 1903లో మన తెలుగు బాప్టిస్టులు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి మిషనరీగా పంపిన జాన్ రంగయ్య గారికి ఈ టెన్షన్ అయినా లేదు.

అమ్మా, అత్తయ్యా, తమ్ముడూ, ఒంగోలులో ఉపవాస ప్రార్థన పెట్టిన మన సంఘం, మీకు వేరే చెప్పాలా.

అయ్యో, అసలువాళ్ళని మర్చిపోయాను. ఆ తెల్లవారుజామున బంకుల్లో పెట్రోలు లేక టాక్సీలు రానంటే, తన బండిలో మిగిలిన పెట్రోలుతో మమ్మల్ని ఆసుపత్రికి చేర్చిన గుజరాతీ కొట్టు భాయ్. కరెంటు పోతే ఫోన్ లైటు పళ్ళతో పట్టుకుని సెలైన్ ఎక్కించిన రాత్రి డ్యూటీ సిస్టర్. రక్తపరీక్ష కాగితాలు మోసిన సైకిల్ టాక్సీ కుర్రాడు, పైసా తీసుకోలేదు. మా కోళ్ళకి గింజలేసిన పక్కింటి పిల్లలు కూడా!

ఎవరూ ఈ వారం వీడియో కాల్ చేయకండి. ఆయన మాట్లాడటం మొదలుపెడితే ఆపడం నావల్ల కాదు, డాక్టరు విశ్రాంతి అన్నారు.